శుక్రవారాల అధ్యాయం

1973 జనవరి 9, మంగళవారం

మూడో అధ్యాయం టైపు చేయడం పూర్తయింది. రిబ్బను అరిగిపోయి చివరి పేజీలు బూడిద రంగులో వచ్చాయి. అయినా చదవవచ్చు.

రేపు ప్రొఫెసర్ రొకిన్యీ గారికి ఇస్తాను. ఆయన సంతోషిస్తారు. నా సిద్ధాంత గ్రంథానికి పర్యవేక్షకుడు ఆయనే. మొదటి క్లాసులో ఆయన అన్న మాట నాకింకా గుర్తుంది: "నన్ను మెచ్చుకోవడానికి వచ్చినవాళ్లు వెళ్లిపోవచ్చు. నా తప్పులు పట్టగలిగినవాళ్లు ముందు వరసలో కూర్చోండి." నేను ముందు వరసలో కూర్చున్నాను. నాకు బోర్డు సరిగ్గా కనిపించదు, అదీ ఒక కారణం.

ఆయన రాసిన చరిత్ర పుస్తకం 'రెండు చలికాలాలు' నేను పదిహేనేళ్లప్పుడు మా సరుకుల పడవ మీద బొగ్గు గుట్ట పక్కన కూర్చుని చదివాను. అందులో చెప్పింది ఇదీ: పోయిన శతాబ్దంలో మదాం దార్సెల్ ఇంట్లో మంగళవారం మంగళవారం పారిస్ రచయితలందరూ చేరేవారు. నవలాకారుడు దామార్తాన్‌ను మాత్రం ఆమె రానివ్వడం మానేసింది. ఆయన రెండు చలికాలాలు గదిలో తలుపేసుకుని, ఆ అవమానంలోంచి తన మహానవల రాశాడు. అది చదివి ఏడ్చాను. ఆ పుస్తకం లేకపోతే నేను చరిత్ర చదివేదాన్నే కాదు. ఈపాటికి ఏ పడవవాడినో పెళ్లాడి, ఏ లాకు దగ్గరో తాడు విసురుతూ ఉండేదాన్ని.

నా మూడో అధ్యాయం చెప్పేది ఒక్కటే. ఆ రెండు చలికాలాల్లో మంగళవారాలే లేవు.

ఆయన సంతోషిస్తారు.

జనవరి 10

కాగితాల కట్ట చేత్తో పట్టుకుని, "బరువుగానే ఉందే" అన్నారు. నవ్వారు కూడా.

జనవరి 14, ఆదివారం

నా స్నేహితురాలు పోల్ వచ్చింది. నా గదిలో కూర్చోడానికి ఒకటే కుర్చీ కాబట్టి ఆమె మంచం మీద కూర్చుని, బూట్లు విప్పి, పాదాలు స్టవ్వు దగ్గర పెట్టుకుంది. అధ్యాయం నకలు ఇచ్చి చదవమంటే, నోటితో చెప్పమంది.

"మంగళవారాలు లేకపోవడమేంటే? క్యాలెండర్లోంచి ఎగిరిపోయాయా?"

"ఆవిడ మొగుడు పోయాడు. ఆ రోజుల్లో పెద్దింటి ఆడవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో వారం ఉండేది కదా, ఆ రోజు తలుపు తీసి అందర్నీ రానిచ్చేవారు. మొగుడు పోతే రెండేళ్లు ఆ వారాన్ని మూసేయాలి. బాగా దగ్గరివాళ్లని మాత్రం వేరే రోజు చూసుకుని, చడీచప్పుడు లేకుండా రానివ్వొచ్చు. సంగీతం ఉండకూడదు. కేకులు ఉండకూడదు."

"కేకులు లేకుండా ఎవడొస్తాడు?"

"దామార్తాన్ వచ్చాడు. ప్రతి శుక్రవారం. నవల ఒక్కో అధ్యాయం రాసి తెచ్చి ఆవిడకీ, ఆవిడ ఆడబిడ్డకీ చదివి వినిపించేవాడు. వాళ్లు ఇది బాగాలేదు, అది మార్చు అంటే మార్చేవాడు. ఆ ఆడబిడ్డ ముసలితనంలో అచ్చేయించుకున్న జ్ఞాపకాల్లో అంతా ఉంది. ఎవరు ఏ కుర్చీలో కూర్చునేవారో కూడా. ఆ కాలపు వారపత్రికలు చూశాను. ఎవరింట్లో ఏ వారమో ప్రతి సంచికలో వేసేవారు. సరిగ్గా ఆ రెండేళ్లు మదాం దార్సెల్ పేరు లేదు."

పోల్ కాసేపు పాదాలు రుద్దుకుంది. "అంటే రొకిన్యీ గారు తాళం వేసున్న దుకాణం ముందు నిలబడి, ఈ ఒక్కణ్ణే లోపలికి రానివ్వట్లేదు అని పుస్తకం రాశారన్నమాట."

అలా అనకూడదని చెప్పాను. మంగళవారాలకు అంత పేరుంది కాబట్టి ఎవరైనా మంగళవారాలే వెతుకుతారు. ఆయన స్థానంలో నేనున్నా అదే పొరపాటు చేసేదాన్ని.

"నువ్వు ఆయన స్థానంలో లేవు కదే," అంది పోల్. "అదే నీ గొడవ."

జనవరి 19

కబురు లేదు. ఆయనకు జలుబు చేసిందంటున్నారు.

జనవరి 26, శుక్రవారం

పిలిచారు. ఇంటికి రమ్మన్నారు, ఆఫీసుకు కాదు. మంచి సూచన అనుకున్నాను. టీ ఆయనే స్వయంగా పోశారు. మెడకు మఫ్లరు చుట్టుకున్నారు, గొంతు బాగా పోయింది. నా కాగితాలు బల్ల మీద ఉన్నాయి. ఒక్క పెన్సిలు గీత కూడా లేదు.

"ఇది నాకు తెలుసమ్మా," అన్నారు.

"ఏది సర్?"

"శుక్రవారాలు. పుస్తకం వచ్చిన మరుసటి ఏడే తెలిసింది. ఆ ఆడబిడ్డ మనవడెవరో ఆ జ్ఞాపకాల పుస్తకం నాకు పోస్టులో పంపాడు."

నేను కప్పు కింద పెట్టాను.

"మరి తర్వాతి ముద్రణల్లో మార్చలేదేం సర్?"

"ఏం మార్చమంటారు? ఒక మనిషి ఒంటరిగా కూర్చుని రాశాడు. అది పుస్తకం. ఒక మనిషి వారం వారం టీ తాగుతూ ఇద్దరు ఆడవాళ్లు చెప్పిన దిద్దుబాట్లు చేసుకున్నాడు. దాన్ని ఎవరు చదువుతారు?"

"జరిగింది అదే కదా సర్."

"జరిగినవి చాలా ఉంటాయమ్మా. అన్నిటికీ పుస్తకాలుండవు."

తర్వాత అసలు సంగతి చెప్పారు. జూన్‌లో పదో ముద్రణ వస్తోంది. ఆ తర్వాత ఫ్రెంచి అకాడమీలో ఖాళీ అయిన కుర్చీకి ఎన్నిక. మూడో అధ్యాయం తీసేస్తే మిగతాది బంగారమట, వెంటనే పరీక్షకు అనుమతి సంతకం పెడతారట. అక్టోబరు నుంచి ఆయన దగ్గర సహాయకురాలి ఉద్యోగం నాదట. "నేను పోయాక ఆ అధ్యాయం ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోండి. ఎక్కువ కాలం ఆగాల్సిన పని ఉండదులెండి," అని దగ్గారు.

ఆలోచించుకుంటానని చెప్పాను. స్పష్టంగా, ఆయన కళ్లలోకి చూసి చెప్పాను. నా గొంతు వణకలేదు.

జనవరి 27

వణికింది.

ఫిబ్రవరి 4, ఆదివారం

అమ్మానాన్నల పడవ కొన్‌ఫ్లాన్‌లో ఆగిందని తెలిసి వెళ్లాను. రువాన్‌లో గోధుమలు దించి వచ్చారు. నాన్న పడవ ముందు భాగంలో నల్లరంగు వేస్తున్నాడు. నన్ను చూసి బ్రష్షు ఊపాడు.

"అమ్మడూ, డాక్టరువైపోయావా?"

"ఇంకా లేదు నాన్నా."

"తొందరగా అవ్వు. నా నడుం నొప్పికి చూడాలి."

ఆయనకు తేడా తెలుసు. ప్రతిసారీ అదే అంటాడు.

అమ్మ బంగాళాదుంపలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. మంగళవారాలు, శుక్రవారాలు, సంతకం, ఉద్యోగం. అమ్మ సగం విన్నట్టే ఉంది గానీ అన్నీ పట్టుకుంది.

"ఆ నవల రాసినాయన బతికున్నాడా?"

"చచ్చి డెబ్బై ఏళ్లయింది."

"ఆవిడో?"

"ఆవిడ ఇంకా ముందు."

"అయితే తీసెయ్యవే. చచ్చినవాళ్లు ఏ వారం టీ తాగితే నీకెందుకు? ఉద్యోగం బతికున్నవాళ్లది." కత్తి నీళ్లలో ముంచి కడిగింది. "నిన్ను ఆ కాన్వెంటు హాస్టల్లో వదిలి వస్తుంటే గేటు పట్టుకుని ఏడ్చేదానివి. నేను వెనక్కి చూడకుండా నడిచి వచ్చేదాన్ని. ఎందుకనుకున్నావు? ఎవరో సచ్చినోడి శుక్రవారాల కోసమా?"

నాన్న గుమ్మంలోంచి తల పెట్టాడు. "ఎవరే అది, లాకు తియ్యనంటున్నవాడు?"

"వాళ్ల ప్రొఫెసరు," అంది అమ్మ. "తీస్తానంటున్నాడు. ఇదే లోపలికి పోనంటోంది."

వాళ్లు తప్పు చెప్పలేదు. అమ్మకు సంతకం పెట్టడం రాదు, అయినా లోకం తెలుసు.

ఫిబ్రవరి 7

మూడో అధ్యాయం తీసేశాను. ఇది నా సొంత నిర్ణయం. నిజానికి ఆ అధ్యాయం వల్ల సమతూకం చెడింది. నా అంశం అప్పటి ఆడవాళ్ల వారాల ఆచారం, ఒక్క నవలాకారుడు కాదు. ఇప్పుడు సమతూకం కుదిరింది.

ఫిబ్రవరి 9

సంతకం పెట్టారు. మౌఖిక పరీక్ష మే 18న. "తెలివైనవారు," అన్నారు.

నాలుగో అధ్యాయం ఇప్పుడు మూడోదయింది. పేజీల సంఖ్యలన్నీ మార్చాను. సమతూకం బాగుంది.

ఫిబ్రవరి 21

పోల్ అడిగితే, సమతూకం కోసం తీసేశానని చెప్పాను. బూట్లు తొడుక్కుని వెళ్లిపోయింది. మామూలుగా అయితే ఏదో ఒకటి అంటుంది.

మార్చి 20, మంగళవారం

పదో ముద్రణ ప్రూఫులు చూసే పని ఆయన నాకిచ్చారు. అక్టోబరు దాకా ఆగడమెందుకు, ఇప్పుడే మొదలుపెట్టండి అన్నారు. గర్వంగానే తెచ్చుకున్నాను. ఎర్ర పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.

కొత్త ముందుమాట నాలుగో పేజీలో ఈ వాక్యం ఉంది. ఇక్కడ రాసుకుంటున్నాను, లేకపోతే రేపటికి ఇది నా భ్రమ అనుకుంటాను:

"నా శిష్యురాలు రొజీన్ వాన్‌హుక్ ఇటీవల జరిపిన నిశితమైన పరిశోధన కూడా ఈ సంగతినే రుజువు చేస్తోంది: ఆ రెండు చలికాలాల్లోనూ దామార్తాన్ ఆ గడప తొక్కలేదు."

నిశితమైన అన్నారు. నా ఇంటిపేరులో అక్షరం పొల్లుపోలేదు. మా వంశంలో ఎవరి పేరూ ఇంతవరకు అచ్చులో లేదు. తాతది సమాధి మీద ఉంది, అదీ తప్పు అక్షరాలతో.

ఆయన దీన్ని బహుమానం అనుకున్నారు. అది నాకు తెలుస్తూనే ఉంది. నన్ను సంతోషపెట్టాలనే రాశారు. నాన్న ఈ పుస్తకం కొని ఆ పేజీ మడిచి పెట్టుకుంటాడు. పారిస్ నుంచి డంకర్క్ దాకా ప్రతి లాకు దగ్గరా తీసి చూపిస్తాడు. "చూడవోయ్, మా అమ్మాయి రుజువు చేసింది."

ఏం రుజువు చేసిందని అడిగితే ఏం చెబుతాడు?

నేను తీసేసింది ఒక అధ్యాయం. ఆయన దాని స్థానంలో దానికి నేరుగా ఎదురు మాట పెట్టి, కింద నా పేరు రాశారు. నోరు మూసుకోవడానికి ఒప్పుకున్నాను, నిజమే. ఈ మాట అనడానికి ఎప్పుడు ఒప్పుకున్నాను?

మార్చి 21

ఎర్ర పెన్సిలుతో నా పేరు కొట్టేశాను. పక్కన మార్జినులో తొలగింపు గుర్తు పెట్టాను, ఆయన నేర్పినట్టే, తోక సరిగ్గా తిప్పి. ఆయన వాక్యం ముట్టుకోలేదు. అది ఆయనది.

మార్చి 22, గురువారం

ప్రూఫులు నేరుగా అచ్చుకు పంపేయవచ్చు. పంపలేదు. ఆయన చేతికే ఇచ్చి, ఆ పేజీ తెరిచి చూపించాను.

"ఇదేమిటి? మొహమాటమా?"

"కాదు సర్. నేను అది రుజువు చేయలేదు. దానికి ఎదురు రుజువు చేశాను. మూడో అధ్యాయం మళ్లీ పెడుతున్నాను. పరీక్షకులు ముగ్గురికీ దాంతోనే పంపుతాను. మీకు ముందు చెప్పాలని వచ్చాను."

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. అరవలేదు. అరుస్తారని సిద్ధపడి వెళ్లాను, అది వృథా అయింది.

"ఉద్యోగం సంగతి?"

"తెలుసు సర్."

"మీ వాళ్లకు చెప్పారా?"

"లేదు."

"నేను పెట్టిన సంతకం వెనక్కి తీసుకోనమ్మా. అలాంటి పనులు చేయను. కానీ ఆ రోజు ఆ బల్ల వెనక నేనుంటాను. అది గుర్తుంచుకోండి."

"గుర్తుంచుకుంటాను సర్," అన్నాను. ఈసారి వణకలేదు. వణికినా ఇక్కడ రాయను.

ఏప్రిల్ 12

మళ్లీ పేజీ సంఖ్యలు. మూడోది నాలుగయింది. కొత్త రిబ్బను. శుక్రవారం అనే మాట ఎక్కడున్నా నల్లగా, స్పష్టంగా పడుతోంది.

ఏప్రిల్ 15

పోల్ తిరిగి మాట్లాడటం మొదలుపెట్టింది. "సమతూకం ఎలా ఉందే?" అంది. దిండు విసిరాను.

మే 18, శుక్రవారం

అన్నీ వరసగా రాసుకోవాలి.

హాల్లోకి వెళ్లేసరికి అమ్మానాన్నలు వెనక బెంచీలో ఉన్నారు. నాన్న పెళ్లినాటి కోటు వేసుకున్నాడు, బొత్తాలు పట్టడం లేదు. అమ్మ కాళ్ల దగ్గర రెండు బుట్టలు, గుడ్డ కప్పి. పరీక్ష అయ్యాక వచ్చినవాళ్లందరికీ తినడానికి పెట్టాలి కదా, బయట కొననివ్వలేదు అమ్మ. పొగబెట్టిన హెరింగ్ చేపల వాసన అప్పటికే మొదటి వరస దాకా వచ్చింది.

బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు మదాం సొవజో, లియాన్ నుంచి వచ్చారు. ఎడమ పక్క ఒక పెద్దాయన, ఆయన నా పట్టికల్ని మెచ్చుకుని కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. కుడి పక్క ప్రొఫెసర్ రొకిన్యీ.

ఆయన వంతు వచ్చింది. గంటకు పైగా మాట్లాడారు. నా వాక్యాలు, నా టైపు తప్పులు, నా భాషలో పడవ వాసన. "ఆ ఆడబిడ్డ జ్ఞాపకాలు రాసేనాటికి ఎనభై దాటింది. ఆ వయసులో మనిషికి నిన్న తిన్నది గుర్తుండదు. ఆమె మాట పట్టుకుని మన సాహిత్య చరిత్రలోనే గొప్ప ఘట్టాన్ని కొట్టేస్తారా?"

"సర్, మీ పుస్తకం ఆరో అధ్యాయంలో మదాం దార్సెల్ వేసుకున్న ఊదారంగు గౌను వర్ణన ఉంది. అది ఆ ఆడబిడ్డ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు. గౌను రంగు గుర్తున్నావిడకు వారం గుర్తుండదా?"

పెద్దాయన కళ్లు తెరిచారు.

ఆయన నాకు ఇంట్లో చెప్పిన మాట నా నాలుక మీద ఉంది. మీకు ముందే తెలుసు కదా సర్. ఒక్క వాక్యం చాలు. ఎదురుగా మఫ్లరు, మచ్చలు పడ్డ చేతులు. అనలేదు. టీ తాగుతూ చెప్పిన మాట అది. నాకు అది అక్కర్లేదు, నా అధ్యాయం చాలు.

బదులుగా, అభ్యర్థి ఎన్నడూ చేయకూడని పని చేశాను. ప్రశ్న అడిగాను.

"సర్, దామార్తాన్ రాలేదంటున్న ఆ మంగళవారాల్లో ఇంకెవరు వచ్చారు? ఒక్క పేరు చెప్పండి."

"ఇక్కడ ప్రశ్నలు వేసేది మేము."

"జవాబు వినాలని నాకూ ఉంది," అన్నారు మదాం సొవజో, మెల్లగా.

ఆయన గ్లాసు అందుకుని నీళ్లు తాగారు. "అది ఈనాటి అంశం కాదు."

ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి మా అమ్మ. జీవితమంతా ఇంజను చప్పుడు మీదుగా మాట్లాడిన మనిషి, గుసగుస అనుకుని అంది: "ఏమన్నాడయ్యా? ఎవరో వచ్చారన్నాడా?"

నాన్న అదే గొంతుతో: "లేదే. చెప్పట్లేదు."

హాలంతా నవ్వింది. మదాం సొవజో కాగితం వైపు తల వంచుకుని ఏదో రాసుకున్నారు.

తర్వాత వాళ్లు లోపలికి వెళ్లారు, మేం నడవాలో నిలబడ్డాం. చాలాసేపు పట్టింది. తలుపు వెనక మదాం సొవజో గొంతు రెండుసార్లు లేచింది. పిలిచారు. అందరం లేచి నిలబడి విన్నాం. డాక్టరు పట్టా, 'గౌరవప్రదం' అనే శ్రేణిలో.

దాని పైన ఇంకా రెండు మెట్లున్నాయి. ఈ మెట్టు మీదున్నవాళ్లను ఏ విశ్వవిద్యాలయమూ పిలవదు. హాల్లో అందరికీ తెలుసు. పోల్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

అమ్మ వచ్చి, "గౌరవప్రదం అన్నారు. మంచి మాటే కదే?" అంది.

"మంచి మాటేనమ్మా."

బుట్టలు తెరిచాం. రొట్టె ముక్కల మీద హెరింగ్, చక్కెర టార్టులు, నాన్న సొంతంగా కాచిన జెనెవర్ సారా. అభ్యర్థి నెగ్గినా ఓడినా పరీక్షకులు వచ్చి ఒక గ్లాసు తాగి వెళ్లాలి. రొకిన్యీ గారు కూడా వచ్చారు. అమ్మ ఆయనకే ముందు వడ్డించింది.

"మీ అమ్మాయి మొండిది మదాం."

"వాళ్ల నాన్న పోలిక. ఇంకోటి తీసుకోండి, మనిషి చిక్కిపోయారు. మా పిల్లకి చదువు చెప్పారు, మీ రుణం తీరదు."

ఆయన ఆ రెండోదీ తిన్నారు. వెళ్లేటప్పుడు అమ్మకు తల వంచి నమస్కరించారు. నా వైపు చూడలేదు. ఎందుకు చూస్తారు.

పడవ మీదకు వచ్చాక అమ్మకు ఉద్యోగం సంగతి చెప్పాను. గిన్నెలు కడగడం ఆపలేదు. "ఉదయం నుంచీ తెలుసులే. వాడి మొహం చూశాక," అంది. అలిగింది. అలగనీ.

జూన్ 14

పదో ముద్రణ వచ్చింది. నా పేరు లేదు. వాక్యం ఉంది.

జూన్ 29

నా సిద్ధాంత గ్రంథానికి లైబ్రరీ సంఖ్య ఇచ్చారు. ఎవరడిగినా తెచ్చిస్తారు.

"ఎవరడుగుతారే?" అంది పోల్.

"ముందు నువ్వడుగు."

"అడిగాను, మొద్దూ. పొద్దున్నే. నేను రాసిచ్చిన చీటీ తీసుకున్న గుమాస్తా నీ ఇంటిపేరు పలకలేక నానా అవస్థ పడ్డాడు."

సెప్టెంబరు 20, గురువారం. దుయే పట్నం

ఇక్కడి బాలికల పాఠశాలలో తాత్కాలిక ఉద్యోగం, ఏడాదికి. కిటికీలోంచి కాలువ కనిపిస్తుంది. అకాడమీ ఎన్నిక వచ్చే నెలట. రొకిన్యీ గారే గెలుస్తారని పేపర్లో ఉంది. గెలవనీ.

ఈరోజు పెద్ద తరగతికి దామార్తాన్ పాఠం. పాఠ్యపుస్తకంలో ఆయన బొమ్మ, కింద నాలుగు వరసలు. అందులో రెండోది: సమాజం వెలివేయగా, రెండు చలికాలాల ఏకాంతంలో ఈ నవలను రచించెను.

ఒక అమ్మాయి చేత గట్టిగా చదివించాను. తర్వాత పెన్నులు తీయమన్నాను. శుక్రవారాల గురించి చెప్పాను. మూసేసిన మంగళవారాలు, కేకులు లేని టీ, ఆయన చదువుతుంటే ఇద్దరు ఆడవాళ్లు ఆపి, ఇక్కడ బాగాలేదు, మళ్లీ రాసుకు రండి అనడం. వాళ్ల పేర్లు నల్లబల్ల మీద రాశాను.

మూడో బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తింది. మార్టీన్ అని, రొట్టెల దుకాణం వాళ్లమ్మాయి.

"మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?"

"రాదు. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పోతాయి."

"మరెందుకు మేడమ్ రాసుకోవడం?"

"జరిగింది కాబట్టి," అన్నాను. "రాసుకో."

ఆ పిల్ల నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత పుస్తకం మీదకు వంగి, అచ్చు వాక్యం పక్కన మార్జినులో రాయడం మొదలుపెట్టింది. మిగతావాళ్లూ వంగారు. ముప్ఫై పెన్నులు కదులుతుంటే గదిలో ఇంకే చప్పుడూ లేదు.